ఇరవైయొక్క గేర్లూ, ఏడు గేర్లూ

లెక్కలు రాసి పొట్ట పోసుకొనేవాడికి ఒక జబ్బు ఉంటుంది. రెండు అంకెలు ముందు పెడితే పెద్ద అంకె ఎటున్నదో అటే మొగ్గుతాడు. ఆ జబ్బు మాకూ ఉన్నది. దాని మూలాన మా అక్కయ్యగారి ఇంట ఒక గొడవ పుట్టింది; అది సద్దుమణగడానికి మూడు నెలలు పట్టింది. ఆ సంగతే ఈ నెల పాఠకులకు మనవి చేసుకొంటున్నాము. గేర్ల సైకిలు కావాలని పిల్లలు మారాం చేస్తున్న ఇళ్లలో పెద్దలకు కాస్త పనికివస్తుందని మా ఆశ.

మేము ఉండేది వేలూరు. అక్కయ్యది గుడియాత్తం. బావగారు లుంగీల మగ్గాల దగ్గర లెక్కలు చూసేవారు. ఆయన పోయి ఐదేళ్లయింది. మిగిలినది అక్కయ్య, కొడుకు. వాడు చదువు ముగించి వేలూరులో ఒక కంపెనీలో తాత్కాలికపు పనికి కుదురుకొన్నాడు. గుడియాత్తం రైలు స్టేషను ఊళ్లో లేదని ఆ దారిన పోయినవారందరికీ తెలుసు. ఊరు దాటి అంత దూరం పోయి, తెల్లవారుజామున రైలు పట్టుకొని కాట్పాడిలో దిగాలి. ఆటోలకు పెట్టే డబ్బు జీతంలో కన్నం పెడుతున్నది. ఆదివారాలు వాడికి మరొక సరదా: స్నేహితులతో మోర్ధానా ఆనకట్ట దాకానో, పలమనేరు దారిలో ఎత్తు ఎక్కేదాకానో పోయి రావడం. రెంటికీ పనికివచ్చేటట్టు లావు టైర్ల కొండ సైకిలు ఒకటి కొనాలని నిశ్చయమయింది. అక్కయ్య తన చీటీ డబ్బు తీసి మా చేతికిచ్చి, “తమ్ముడూ, నువ్వు తెలిసినవాడివి, దగ్గరుండి మంచిది ఇప్పించు” అన్నది.

అంగడిలో రెండు సైకిళ్లు నచ్చాయి. చట్రం ఒకటే, రంగు ఒకటే. మొదటిదానికి పెడళ్ల దగ్గర ఒకే పళ్లచక్రం, వెనుక ఏడు. మొత్తం 7 గేర్లు. రెండవదానికి ముందు మూడు, వెనుక ఏడు, మూడేళ్ల ఇరవైయొకటి. ధరలో తేడా పదిహేను వందలు.

“మామా, నాకు ఏడు చాలు” అన్నాడు మేనల్లుడు.

“ఓరి పిచ్చివాడా! పదిహేను వందలకు పద్నాలుగు గేర్లు ఎక్కువ వస్తుంటే వద్దంటావా?” అన్నాము మేము. వాడు మర్యాద తెలిసినవాడు, ఊరుకొన్నాడు. ఇరవైయొక్క గేర్ల బండి ఇంటికి వచ్చింది.

మొదటి నెల బాగానే నడిచింది. రెండవ నెలలో ముందు గేరు మార్చినప్పుడల్లా చెయిను కరకరమనడం, అప్పుడప్పుడు జారడం మొదలయింది. వాడు మాకు చెప్పలేదు. మామ మాట తప్పని తేల్చడం ఎందుకనుకొన్నాడు కాబోలు. ఒకనాడు కంపెనీలో స్థిరమైన ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఆ తెల్లవారుజామున చీకట్లో స్టేషను దారిన పోతూ, ఒక మిట్ట ఎక్కుతూ, కాళ్లతో గట్టిగా తొక్కుతూనే ఎడమచేతి లివరు నొక్కాడు. చెయిను చిన్న చక్రం మీద నిలవకుండా లోపలికి జారి, చక్రానికీ చట్రానికీ నడుమ బిగుసుకొన్నది. పెడలు ఒక్కసారి వదులయి, మనిషి పక్కకు పడ్డాడు. మోకాలు చీరుకొన్నది. నూనె చేతులతో చెయిను లాగుతూ ఉండగానే రైలు వెళ్లిపోయింది. తరువాతి బండిలో పోయేసరికి ఇంటర్వ్యూ ముగిసింది. ఆ ఉద్యోగం మరొకరికి పోయింది.

అక్కయ్య మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. “ఈ సైకిలు అమ్మేసి, వాయిదాల మీద మోటారు సైకిలు కొంటాము” అని మాత్రం అన్నది. తాత్కాలికపు జీతం, మూడేళ్ల వాయిదాలు, పైన పెట్రోలు! ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. లేచి, కాగితం కలం తీసుకొని, కొనేముందు చేయవలసిన లెక్క అప్పుడు చేశాము.

సైకిలు గేరంటే పెద్ద రహస్యమేమీ లేదు. ముందు చక్రానికి ఎన్ని పళ్లో, దాన్ని వెనుక చక్రపు పళ్లతో భాగించాలి. వచ్చిన అంకె, పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక టైరు ఎన్ని చుట్లు తిరుగుతుందో చెబుతుంది. అంకె పెద్దదయితే వేగం, చిన్నదయితే మిట్ట ఎక్కడానికి సుళువు. మా నాన్నగారి పాత హెర్క్యులిస్ ఇంకా మా వసారాలోనే ఉన్నది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో పెట్టిన టి.ఐ. సైకిల్స్ వారి సరుకది. దానికి ముందు 44 పళ్లు, వెనుక 18, భాగిస్తే 2.44. ఆ ఒక్క గేరుతోనే నాన్నగారు బియ్యం మూట కట్టుకొని పాలారు వంతెన దాటేవారు.

మేనల్లుడి బండికి ముందు 42, 34, 24 పళ్లు. వెనుక 14, 16, 18, 20, 22, 24, 28. ఇరవైయొక్క భాగహారాలూ చేసి వరుసగా రాసుకొన్నాము. రాస్తూ ఉంటే మా కళ్లు తెరుచుకొన్నాయి. 42ను 28తో భాగిస్తే 1.50; 24ను 16తో భాగించినా 1.50. 42 మీద 22 అయితే 1.91, 34 మీద 18 అయితే 1.89, తొక్కే కాలికి ఈ తేడా తెలియదు. 42 మీద 24, 34 మీద 20, 24 మీద 14, ఈ మూడూ 1.70కి అటూ ఇటూ. ఒకే పద్దు రెండు మూడుచోట్ల రాసిన చిట్టా లాగున్నది! దగ్గరివన్నీ కలిపి చూస్తే కాలికి వేరుగా తెలిసేవి పన్నెండు మాత్రమే. అందులోనూ ముందు పెద్ద చక్రం మీద, వెనుక పెద్ద చక్రం మీద ఒకేసారి చెయిను వేయరాదు. రెండు చివర్లా చిన్నవాటి మీదా వేయరాదు. అలా వేస్తే చెయిను ఏటవాలుగా లాగి, పళ్లూ అరుగుతాయి, చెయినూ అరుగుతుంది. అంటే మేము పదిహేను వందలు పోసి కొన్న పద్నాలుగు గేర్లలో సగానికి పైగా ఉత్త కాగితం మీద గేర్లే.

మరునాటి ఆదివారం గుడియాత్తం పోయి, బజారులో ఒక ముసలి మెకానిక్కు దగ్గరికి బండి తీసుకొని వెళ్లాము. అరవం తప్ప తెలియని మనిషి, కాని చేతులకు అన్నీ తెలుసు. మా లెక్కల కాగితం చూపితే నవ్వి, అరవంలోనే చెప్పాడు: “సార్, చెయినులో కింది వరుస వదులు, పై వరుస బిగువు. వెనుక గేరు వదులు వరుసను పక్కకు జరుపుతుంది. అందుకే సులువుగా మారుతుంది. ముందు గేరు, మనం కాలితో లాగుతున్న బిగువు వరుసను తోస్తుంది. మిట్ట మీద తొక్కుతూ తోస్తే అది ఎక్కడ పడుతుందో దేవుడికే తెలుసు.” ఇంత స్పష్టంగా మాకు ఎవరూ చెప్పలేదు.

ఈ సంగతి మనవాడొక్కడే కనిపెట్టినది కాదు. అమెరికాలో కాలిఫోర్నియా కొండల్లో కుర్రవాళ్లు 1970ల నడిమి పాత సైకిళ్లకు లావు టైర్లు వేసి దిగుడు పందేలు ఆడగా పుట్టినది ఈ కొండ సైకిలు. 1981లో వచ్చిన స్టంప్‌జంపర్ అనే బండికి ముందు మూడు, వెనుక అయిదు, మొత్తం 15 గేర్లు. ఆ తరువాత ముప్పయి యేళ్లు ముందు మూడు చక్రాలుండడమే గొప్ప. వెనుక చక్రాల గుత్తిలో పెద్ద చక్రం తయారుచేయడం నేర్చుకొన్న కొద్దీ ముందున్న చక్రాలు తగ్గుతూ వచ్చాయి. 2012లో స్రామ్ అనే కంపెనీ ముందు ఒకే చక్రం, వెనుక 10 పళ్ల నుంచి 42 పళ్ల వరకు 11 చక్రాలు గల అమరిక తెచ్చింది. రెండేళ్లలో షిమానోవారూ ఆ దారి పట్టారు. పందేల బండ్లకు ఈనాడు ముందు ఒకటే చక్రం.

అయితే ఆ పదకొండు, పన్నెండు చక్రాల గుత్తులు మన జేబుకు బరువు, చెయినూ సన్ననిది. మాకు అవి అక్కరలేదు. మెకానిక్కు చెప్పినది సులభమైన దారి. మూడు చక్రాల క్రాంకు తీసివేసి 32 పళ్ల ఒకే చక్రం గలది వేయడం. వెనుక ఏడు చక్రాల ఫ్రీవీలే, కాని ఆఖరి చక్రం 34 పళ్లది వేయడం. ముందు గేరు, దాని లివరు, తీగ మూడూ ఊడదీయడం. పాతవి అమ్మగా వచ్చినది పోను మాకైన ఖర్చు రెండు వేలు దాటలేదు.

ఈ మార్పు చేయించేవారు నాలుగు సంగతులు చూసుకోవాలి. ఒకటి: చవక సైకిళ్లలో మూడు చక్రాలనూ కలిపి రివెట్లు కొట్టి ఉంటారు, ఒకటి మాత్రం ఊడదీయడానికి వీలులేదు, క్రాంకే మార్చాలి. రెండు: కొత్త చక్రం వెనుక గుత్తికి నడిమికి ఎదురుగా రావాలి, రాకుంటే ఇరుసు కూడా మార్చవలసి ఉంటుంది. మూడు: ముందు గేరు లేకపోతే చెయినును పట్టి ఉంచేదేమీ ఉండదు, కాబట్టి ఒక పన్ను లావు, ఒక పన్ను సన్నం ఉండే చక్రం వేయించాలి. చెయిను లంకెలు కూడా ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు గనుక ఆ పళ్లు వాటిని గట్టిగా పట్టుకొంటాయి. నాలుగు: వెనుక గేరు 34 పళ్ల చక్రాన్ని అందుకోగలదో లేదో ముందే అడగాలి, చెయిను పొడవు సరిచేయించాలి.

ఇప్పుడు లాభనష్టాల పట్టీ. కొత్త అమరికలో అన్నిటికన్నా పెద్ద గేరు 32 మీద 14, అంటే 2.29, మునుపు 3.00 ఉండేది. నిమిషానికి 80 సార్లు తొక్కితే 26 అంగుళాల టైరు మీద మునుపు గంటకు సుమారు 30 కిలోమీటర్లు, ఇప్పుడు 23. బెంగుళూరు పెద్దరోడ్డు మీద పరుగులు తీసేవాడికి ఇది నష్టమే. అన్నిటికన్నా చిన్న గేరు 32 మీద 34, అంటే 0.94, మునుపు 0.86. మిట్ట మీద కాస్త ఎక్కువ బలం పెట్టాలి. ఆఖరి రెండు చక్రాల నడుమ 24 నుంచి 34కు ఒకేసారి దూకడం ఉన్నది. అక్కడ కాలికి చిన్న కుదుపు తెలుస్తుంది. సామాను కట్టుకొని రోజుల తరబడి కొండలూ మైదానాలూ తిరిగేవారికి ముందు రెండో మూడో చక్రాలుండడమే మేలు. ఇవి దాచిపెట్టి చెప్పడం న్యాయం కాదు. లాభం పద్దులో ఉన్నవి: సరిచేయవలసిన భాగాలు మూడు తగ్గాయి, బరువు తగ్గింది, ఎడమచేయి బ్రేకుకు మాత్రమే మిగిలింది, చీకట్లో ఆలోచించవలసిన పని ఒకటి తగ్గింది.

మూడు వారాల తరువాత ఒక ఆదివారం మేనల్లుడు పలమనేరు దారిన సైనగుంట వైపు బయలుదేరితే మేమూ హెర్క్యులిస్ మీద వెంటబడ్డాము. మిట్ట మొదలయ్యేసరికి మేము దిగి తోసుకొంటున్నాము. వాడు కూర్చొన్నవాడు కూర్చొన్నట్టే, 34 పళ్ల చక్రం మీద, మనిషి నడకకన్నా కొంచెం ఎక్కువ వేగంతో పైకి పోయాడు. చెయిను చప్పుడు చేయలేదు. ఎండ ముదరకముందే తిరిగి వచ్చాము. ఆ దారి పక్కన కౌండిన్య అడవుల్లో ఏనుగులుంటాయి, కాబట్టి పిల్లల్ని పొద్దు వాలాక అటు పోనివ్వకండి.

ఇంటికి వచ్చాక అక్కయ్యకు క్షమాపణ చెప్పుకొన్నాము. “అంగడిలో వాడు ఏడు చాలన్నాడు, మేమే వినలేదు” అన్నాము. అక్కయ్యకు అది అంతవరకూ తెలియదు. కొడుకు వైపు చూసి, “ఏరా, ఆ మాట నాకు చెప్పలేదేం?” అన్నది. వాడు తల వంచుకొని కాఫీ తాగాడు. మోటారు సైకిలు మాట ఆ రోజు నుంచి ఆ ఇంట వినబడలేదు.

పోయిన ఉద్యోగం తిరిగి రాలేదు. వాడింకా తాత్కాలికపు పనిలోనే ఉన్నాడు, రోజూ స్టేషనుకు సైకిలు మీదే పోతున్నాడు, రైలు మళ్లీ తప్పలేదు. వచ్చే సంవత్సరం మళ్లీ ఖాళీ పడవచ్చునంటున్నారు. పాఠకులు తమ పిల్లలతో సైకిలు అంగడికి వెళ్లినప్పుడు అంకెలు లెక్కపెట్టేముందు, ఆ బండి తొక్కబోయేవాడిని ఒక మాట అడగండి. అడిగి ఊరుకోకుండా, వాడు చెప్పినది వినండి.