ఇక నేనేమి చేయుదును?

గడచిన శ్రావణమాసమున మా దగ్గఱి బంధువులలో నొకామె పేరంటమునకు పిలువ వచ్చి, కుంకుమభరిణె ప్రక్కన బెట్టుకొని, చాలసేపు మాటలాడక కూరుచుండెను. ఆమె స్వభావ మట్టిది కాదు. ఆమె యున్నచోట మాటల సందడియే గాని మౌనమును మే మెన్నడు నెఱుగము. కారణ మడుగగా, "వదినా! మా అత్తగారు పోయి యేడాది నిండినది. అమ్మాయి డల్లాసులో నున్నది, అబ్బాయి బెంగుళూరులో నున్నాడు. పదునొకం డేండ్లు అత్తగారి మంచము చుట్టును తిరిగినదానను. ఇప్పటికిని తెల్లవాఱుజామున నాలుగు గంటలకు మెలకువ వచ్చుచునే యున్నది. లేచి చేయవలసిన పని మాత్రము లేదు. ఇక నేనేమి చేయుదును?" అనెను.

పిమ్మట తన చేతిలోని ఫోను మాకు చూపెను. కుమార్తె పంపిన ప్రకటన యది. ఒక లైఫ్‌కోచ్, అనగా జీవన శిక్షకుడు, పండ్రెండు కూటములలో మన జీవితధ్యేయమును మనకు చూపునట. రుసుము 60,000 రూపాయలు. మాకు నవ్వు వచ్చినది. ధ్యేయములు కూడ అంగడిలో దొరకుచున్నవా యని హాస్యమాడితిమి. ఆమె కన్నులలో నీరు తిరిగెను. ఏబది రెండేండ్ల వయసున నొక స్త్రీ తన బ్రతుకును గూర్చి ప్రశ్న వేసికొనుట నవ్వదగిన పని కాదని మాకు వెంటనే తోపకపోవుట మా తప్పు. ఆ తప్పు దిద్దుకొనుటకే ఈ విద్యను గూర్చి కొంత విచారించి, తెలిసినంత యీ మాసమున సోదరీమణులకు నివేదించుచున్నాము.

కోచ్ అను మాట పుట్టుక వినోదకరముగ నున్నది. హంగరీ దేశమున కోచ్ అను గ్రామము కలదు. పదునేనవ శతాబ్దమునాటికే అచ్చటి బండ్లు ప్రసిద్ధికెక్కినవి. ఆ యూరిపేరే గుఱ్ఱపు బండికి పేరయ్యెను. 1830 ప్రాంతమున ఆక్సుఫర్డు విద్యార్థులు తమ్ము పరీక్ష గట్టెక్కించు ఉపాధ్యాయుని ఆ బండితో పోల్చి కోచ్ అని పిలువసాగిరి. తరువాత ఆ పేరు ఆటలు నేర్పువారికి వచ్చినది. 1974లో తిమోతి గాల్వే అను అమెరికా దేశస్థుడు టెన్నిసు ఆటను గూర్చి యొక పుస్తకము వ్రాసి, ఆటగానికి ఎదుటివానికన్న తన మనస్సులోని గొణుగుడే పెద్ద శత్రువనియు, గురువు ఆజ్ఞలు తగ్గించి శిష్యుని దృష్టిని నిలుపవలెననియు చెప్పెను. ఆంగ్లదేశమున మోటారు పందెములు తోలిన జాన్ విట్మోర్ ఆ పద్ధతిని కార్యాలయములకు దెచ్చి, 1992లో తన గ్రంథమును ప్రకటించెను. వారి పద్ధతి నాలుగు మెట్లు. నీకేమి కావలెను? ఇప్పుడు నీ స్థితి యేమి? చేయగల మార్గము లెవ్వి? వానిలో దేనిని ఎన్నడు చేయుదువు? ఇంతే. వినుటకు తేలికగనే యున్నది. కాని మన యిండ్లలో మొదటి ప్రశ్నను ఆడుదాని నెందఱడుగుదురో మా సోదరీమణులకే తెలియును. "ఏమి వండమందువు?" అని మన మందఱ నడుగుదుము గాని "నీకేమి కావలెను?" అని మనలను అడుగువారు అరుదు, అడిగినను చాలమందికి తడుముకొనక సమాధానము రాదు.

ఇక మా బంధువు సంగతి. ఆమె మా నవ్వునకు అలిగి, ఆ ప్రకటనతో నిమిత్తము లేకయే, పట్టణమున నొక హోటలులో జరిగిన రెండు దినముల సభకు పోయెను. అచ్చట మూడు వందల మంది కలరట. దీపముల నార్పి పెద్ద పాటలు పెట్టి, అందఱిని లేచి చప్పట్లు కొట్టమనిరి. "నేను సింహమును" అని ముమ్మాఱు కేకవేయించిరి. కొందఱు ఏడ్చిరి. రెండవ దినపు సాయంకాలమున, ఇప్పుడే పేరు నమోదు చేయించుకొన్నచో లక్షా యిరువది వేల శిక్షణ సగము రుసుమునకే లభించుననియు, రేపటికి ఆ యవకాశ ముండదనియు ప్రకటించిరి. ఆమె తలనొప్పితో ఇల్లు చేరెను. భర్త ఆ రెండు దినముల ఖర్చు లెక్కవేసి, "సింహమునకు మేత బాగుగనే యైనది" అనెనట. ఆ మాట ఆమెకు సభకన్న నెక్కువ బాధ కలిగించెను.

ఇచ్చట రెండు మాటలు గట్టిగ చెప్పవలసి యున్నది. మన దేశమున ఈ వృత్తి చేయుటకు ప్రభుత్వపు అనుమతిపత్ర మేదియు నక్కఱలేదు. నేడు పలక గట్టినవాడు నేడే శిక్షకుడు. 1995లో అమెరికాలో నేర్పడిన అంతర్జాతీయ సమాఖ్య యొకటి పట్టములిచ్చుచున్నది. దాని మొదటి పట్టమునకే శిక్షణ పొందుట గాక నూఱు గంటలు ఇతరులకు శిక్షణ యిచ్చిన అనుభవము కావలెను. రెండవదానికి 500 గంటలు, పై దానికి 2,500 గంటలు. అట్టి పట్టమున్నంత మాత్రమున మంచివారని గాదు. అయినను "మీ రెచ్చట నేర్చితిరి? ఎందఱకు నేర్పితిరి? నేను నడుమ మానుకొన్నచో మిగిలిన రుసుము తిరిగి యిత్తురా?" అని యడుగుటకు మనము సిగ్గుపడరాదు. చీర కొనునపుడు కొంగు విప్పి చూడమా? ఈ సాయంకాలమే చెల్లింపుమని తొందరపెట్టువారి యెదుటనుండి లేచి వచ్చుట మేలు.

రెండవ మాట ఇంతకన్న ముఖ్యము. శిక్షకుడు వైద్యుడు గాడు. వారముల తరబడి నిద్ర లేక, అన్నము సహింపక, ఏ పని మీదను మనస్సు పోక, బ్రతుకే వలదను తలంపు కలుగుచున్న స్త్రీకి కావలసినది ధ్యేయము గాదు, చికిత్స. అట్టివారు మానసిక వైద్యుని చూడవలెను. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రుసుము లేకయే తెలుగులో మాటలాడవచ్చును. నాలుగు గంటలకు మెలకువ యనిన మాట విని మేము కూడ ముందుగ ఆమెను వైద్యురాలి యొద్దకు గొనిపోయితిమి. ఆమె పరీక్షించి, జబ్బేమియు లేదు, పదునొకం డేండ్ల యలవాటు దేహము మఱువలేదు, అంతే యనెను.

ఈ విద్యకు పేరు క్రొత్తది గాని, ఒకరి లోపలి శక్తిని వేఱొకరు పలుకరించి మేలుకొల్పుట మనకు క్రొత్త గాదు. 1874లో జన్మించిన భండారు అచ్చమాంబగారికి చిన్ననాటనే వివాహమైనది, చదువు లేదు. తమ యింట నుండి చదువుకొనుచున్న తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి సాయముతో ఆమె తెలుగు, హిందీ నేర్చెను. కన్నబిడ్డలు పోయిన దుఃఖమున ఆమె మూలగూరుచుండియున్నచో తప్పుపట్టువా రుండెడివారు గారు. ఆమె యితరుల బిడ్డలను పెంచెను, 1901లో అబలాసచ్చరిత్రరత్నమాల ప్రకటించెను, 1902లో బందరున స్త్రీసమాజము స్థాపించుటలో ముందు నిలిచెను. ముప్పది యొకటవ యేట, 1905లో, ఆమె పోయినది. తమ్ముడు ఆమెకు ధ్యేయము నీయలేదు, అక్షరము లిచ్చెను. దారి యామెయే చూచుకొనెను.

దుర్గాబాయిగారి కథ యింకొక తీరు. ఉప్పు సత్యాగ్రహము నాళ్లలో చెఱసాలకు పోయి, విడుదలయైన తరువాత, వయసు మీఱినదని వెనుదీయక కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను మొదలుకొని ఒక్కొక్క పరీక్షయే గెలిచి న్యాయవాదియైరి. తాను పడిన శ్రమను ఒకరికి దారిగ మార్చుట ఆమె గొప్పతనము. 1937లో చెన్నపురిలో ఆంధ్ర మహిళాసభను స్థాపించి, బడి మానిన స్త్రీలను ఆ కాశీ పరీక్షకే సిద్ధపఱచిరి. తరువాత తాము మొదటి అధ్యక్షురాలుగ నున్న కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ద్వారా 1958 నుండి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును దేశమంతట నడిపించిరి. నాయకత్వమనిన వేదిక యెక్కుట మాత్రమే యని తలంచువారు దీనిని గమనింపవలెను. 1992 నాటి రాజ్యాంగ సవరణ పిమ్మట మన పల్లెలలో స్త్రీలు సర్పంచులగుచున్నారు. అయినను కొన్నిచోట్ల సంతకము భార్యది, మాట భర్తది. అట్టి సోదరికి "నేను సింహమును" అను కేక పనికిరాదు. పంచాయతి పద్దు చదువ నేర్పి, సభలో మొదటి ప్రశ్న తానే యడుగునట్లు ప్రక్కన కూరుచుండువారు కావలెను.

మా బంధువునకు అట్టి మనిషియే రెండవమాఱు దొరకినది. బ్యాంకు ఉద్యోగము చాలించి ఈ విద్యలో శిక్షణ పొందిన పెద్దామె యామె. మొదటి కూటమునకు రుసుము లేదు. తరువాత కూటమునకు 1,500. తాను తక్కువ మాటలాడి ఎక్కువ వినునట. "ప్రశ్న లడిగించుకొనుటకు ఎదురు డబ్బా?" యని భర్త ఆశ్చర్యపడెను. మొదటి రెండు కూటములు ఏమియు తేలలేదు. మూడవదానిలో ఆ పెద్దామె, "ఆ పదునొకం డేండ్లలో ఎవరును చెప్పకయే మీరు చేసినదేమి?" అని యడిగెను. మావదినగా రాలోచించి, తాను వ్రాసియుంచిన యేడు నోటు పుస్తకముల సంగతి చెప్పెను. అత్తగారి మందులు, ఆహారము, ఏ గంటకు ఏ ప్రక్కకు త్రిప్పినది, ఎచ్చట చర్మము కందినది, అన్నియు అందులో కలవు. మంచము పట్టి యన్నేండ్లున్న అత్తగారికి వీపున నొక్క పుండైనను పడలేదని వైద్యులు మెచ్చుకొన్న మాట అప్పుడు జ్ఞప్తికి వచ్చెను. "అది విద్య యని నాకు తోచలేదు వదినా, చాకిరి యనుకొంటిని" అని మాతో అనెను.

ఆ వీథిలోనే మంచము పట్టిన పెద్దలున్న యిండ్లు నాలుగు కలవు. ఇప్పుడు ప్రతి యాదివారము ఆ యిండ్ల కోడండ్రు, కూతుండ్రు ఆమె యింట చేరుచున్నారు. రెండు గంటల కొకమాఱు ప్రక్క మార్చవలెననియు, మడమల క్రింద మెత్త పెట్టి అవి పఱుపునకు తగులకుండ నుంచవలెననియు, కందిన చోట వ్రేలితో నొక్కినను ఎఱుపు పోకున్నచో ఉపేక్షింపక వైద్యునికి చూపవలెననియు, పడుకొన్నవారి నోట నీరు పోయక తల యెత్తి కూరుచుండబెట్టి త్రాగింపవలెననియు చేసి చూపుచున్నది. రుసుము పుచ్చుకొనుట లేదు. పుచ్చుకొనుమని మేము చెప్పితిమి, ఇంకను తెగలేదు.

తెగని దింకొకటి కలదు. డల్లాసులోని కుమార్తెకు మాఘమాసమున పురుడు. ఆఱు నెలలుండుటకు రమ్మని పిలుచుచున్నది. ఇదివఱకైనచో టిక్కెట్టు కొన్న తరువాతనే మాకు చెప్పియుండును. ఈమాఱు మూడు నెలలు వత్తునని కుమార్తెకు చెప్పినది. అమ్మాయి మాటలాడక ఫోను పెట్టివేసినదట. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. పెద్దామె నడిగిన, పొమ్మనియు చెప్పలేదు, వలదనియు చెప్పలేదు. మాకును ఏమి చెప్పుటకు తోచలేదు. తాను లేని మూడు నెలలు ఆదివారములు ఆగిపోకుండ, చివరి యింటి కోడలికి ఆ యేడు పుస్తకములు చదివి వినిపించుచున్నది.

మొన్నటి యాదివారము మేమును పోయితిమి. నడవలో నవారు మంచము వేసియున్నది. నేర్చుకొనుటకు రోగి కావలెను గదా, భర్తయే దుప్పటి కప్పుకొని పరుండియుండెను. ఇద్దఱు కోడండ్రు ఆయన నడుము క్రింది మడతదుప్పటి చెఱియొక చివర పట్టి యెడమ ప్రక్కకు త్రిప్పుచుండిరి. "నెమ్మదిగ నమ్మా, నెమ్మదిగ! నేనింకను బ్రదికియే యున్నాను" అని ఆయన గొణుగుచుండెను.