కోయిల లేకపోతేనేం?

ఇక్కడ న్యూజెర్సీలో ఉగాది దగ్గరపడగానే మనవాళ్ళ నోట ఒకటే మాట: "కోయిల కూయని చోట వసంతమేంటండీ?" నిజమే, కోయిల ఈ దేశపు పక్షి కాదు. కానీ వసంతం వచ్చిందని చాటేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. మనం వినట్లేదంతే.

మార్చిలో కాస్త వెచ్చబడ్డ సాయంత్రం ఏ చిత్తడి నేల పక్కనో ఆగి వినండి. వందలమంది ఒక్కసారే ఈల వేసినట్టుంటుంది. పిట్టలు కావు, కప్పలు! పేరు స్ప్రింగ్ పీపర్. ఉండేది అంగుళమే. చలికాలమంతా రాలిన ఆకుల కింద పడుంటుంది. ఒంట్లో నీరు కొంత గడ్డకట్టినా, గ్లూకోజ్ దాని కణాలని కాపాడుతుంది. చలి తగ్గగానే మగకప్పలు జోడీ కోసం కచేరీ మొదలెడతాయి. మనకి కప్పంటే వానాకాలం, బెకబెకలు. ఇక్కడ వసంతాన్ని పిలిచేదే కప్ప.

పదేళ్ళైనా గ్రీన్‌కార్డ్ రాలేదు, ఇది మన ఊరెలా అవుతుంది అంటారు. సరే, కానీ వినడానికి వీసా అక్కర్లేదుగా! ఇక్కడ పుట్టిన మన పిల్లలకి వసంతమంటే ఈ ఈలలే. వాళ్ళకి కోయిల గురించి తప్పకుండా చెబుదాం. ఈ కప్ప పేరు కూడా మనం తెలుసుకుందాం. ఈసారి ఆఫీసు నుంచి వస్తూ ఒక్కసారి కారు అద్దం దించి చూడండి.