అమ్మ నోటి తెలుగుకు చట్టంలో చోటుంది

తమిళనాడులోని తెలుగువారిని గురించి మాట్లాడినప్పుడల్లా మనం బడులను, పాఠ్యపుస్తకాలను, ఉపాధ్యాయుల ఖాళీలను లెక్కపెడతాం. లెక్కపెట్టవలసిందే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానాల మెట్లు ఎక్కక తప్పలేదు. అయితే కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపట్ల నల్లరేగడి పల్లెలలో తెలుగును తరతరాలుగా నిలిపినది బడికంటె ఇల్లే. మన లిపి ఎరుగని ఆడవారు పెళ్ళి తంతులలో, కొలుపులలో, జోలపాటలలో ఆ నుడిని పిల్లలకు అందించారు. మన ఉద్యమం వారి మాటను ఎంతవరకు విన్నది?

విజయనగర రాజుల, మదురై నాయకుల కాలాలలో కమ్మవారు, రెడ్లు, రాజులు, రాజకంబళ నాయకులు ఈ నేలకు వచ్చి స్థిరపడ్డారు. ఆ వలస జ్ఞాపకాన్ని కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలగా మలిచారు. ఆయన ఇంటిభాష తెలుగు. నవలలో చెన్నాదేవి అనే యువతిపై ఒక పాలకుని కన్ను పడటంతో ఆమె బంధుగణం ఊరు విడిచి దక్షిణానికి తరలిపోతుంది. ఆ కథను తరువాతి తరాలకు చెప్పేది మంగత్తాయారు అనే పండు ముదుసలి. ఒక స్త్రీ మీద కులగౌరవపు బరువు పడింది; మరొక స్త్రీ చేతిలో జాతి జ్ఞాపకం ఉంది. నేటికీ మన ఆడవారి స్థితి ఈ రెండింటి నడుమనే ఉన్నది.

కళను చూడండి. రాజకంబళ నాయకుల దేవరాట్టం దేవదుందుభి మోతకు పురుషులు ఆడుతూ వచ్చిన ఆట. నేడు విద్యాలయాల వేదికలపై బాలికలూ ఆడుతున్నారు. అది సంతోషించదగినదే. కాని ఆ వేదికపై అది తమిళ జానపద నృత్యంగానే పరిచయమవుతుంది. ఆ ఆటను పుట్టించినవారి ఇంటిమాట ఏదో చెప్పేవారుండరు. ఆట అందరిదైనప్పుడు దాని వెనుకనున్న నుడి పేరు చెప్పడానికి అడ్డేమిటి?

దుస్తుల విషయం వేరు. అగ్గిపెట్టెల కర్మాగారానికి వెళ్ళే స్త్రీలలో తెలుగువారెవరో, తమిళులెవరో చీరకట్టును బట్టి చెప్పలేము. అందులో విచారించవలసినది లేదు. పండుగనాడు ముసలమ్మలకు పాతకాలపు కట్టు కట్టించి ఛాయాచిత్రాలు తీసినంత మాత్రాన గుర్తింపు నిలవదు. తాళిని బొట్టు అన్నప్పుడు, కోలాన్ని ముగ్గు అన్నప్పుడు, కులదైవాన్ని ‘జక్కమ్మ తల్లీ’ అని పిలిచినప్పుడు ఆ గుర్తింపు వినబడుతుంది.

ఇక్కడ చట్టం మనకు అండగా ఉన్నది. రాజ్యాంగపు 29(1) అధికరణం ప్రత్యేకమైన ‘భాష, లిపి లేదా సంస్కృతి’ గల ప్రజలకు వాటిని కాపాడుకొనే హక్కునిచ్చింది. ఆ ‘లేదా’ అనే మాటను న్యాయవాదులమైన మేము గట్టిగా పట్టుకోవాలి. లిపి రానంత మాత్రాన హక్కు పోదు. జనగణన నిర్వచనం మరింత స్పష్టం: చిన్ననాట తల్లి బిడ్డతో మాట్లాడిన భాషే మాతృభాష. చదవడం, రాయడం వచ్చి ఉండాలన్న షరతు అందులో లేదు. చెప్పిన భాషను చెప్పినట్లే రాసుకోవలసిన బాధ్యత గణకునిది. అయినా ‘మాకు తెలుగు రాయడం రాదు కదా, తమిళమనే రాయండి’ అని ఇంటి పెద్ద చెబితే, ఆ ఇంటి తల్లి జీవితమంతా మాట్లాడిన నుడి ఒక్క గడిలో చెరిగిపోతుంది. 2011లో తమిళనాడున తెలుగు మాతృభాషగా నమోదైనవారు దాదాపు 42 లక్షలు. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా ప్రకటించిన జనగణనలో ఈ సంఖ్య ఎంతగా నిలుస్తుందన్నది ఇటువంటి ఇళ్ళ సమాధానాలపైనా ఆధారపడి ఉంటుంది.

కనుక మనం చేయవలసినవి మూడున్నాయి. మొదటిది, ఇంటింటికీ వెళ్ళి ఈ నిర్వచనాన్ని ఆడవారికే వివరించాలి. తమిళ ఇంటినుండి వచ్చిన కోడలు తన మాతృభాష తమిళమని చెబితే దానినీ గౌరవించాలి. రెండవది, పెళ్ళిపాటలను, కొలుపుపాటలను పాడేవారి అనుమతితో, వారి పేరుతో భద్రపరచాలి. మూడవది, మన సంఘాల కార్యవర్గాలలో స్త్రీలకు చోటివ్వాలి. భూమిగల కులాల స్త్రీలతో ఆగిపోరాదు. పట్టణాల వీధులు ఊడ్చే తెలుగు అరుంధతియ స్త్రీలూ ఆ పీటల మీద కూర్చోవాలి. వారి తెలుగు ఎవరి తెలుగుకూ తీసిపోదు.

ఒక హెచ్చరిక కూడ అవసరం. నుడిని కాపాడే పేరుతో ఆడపిల్ల చదువుకు, పెళ్ళికి, వేషానికి కట్లు వేయడం హక్కుల ఉద్యమానికి తగదు. చెన్నాదేవిపై పడిన బరువును ఆమె మునిమనుమరాళ్ళపై మళ్ళీ మోపవద్దు. నచ్చిన బట్ట కట్టుకొని, నచ్చిన చదువు చదువుకొని, తన బిడ్డను తెలుగులో లాలించే స్వేచ్ఛ ఆమెకుండాలి. ఆ స్వేచ్ఛ ఉన్నచోటనే తెలుగు మరొక తరానికి చేరుతుంది.