పెరటి ఆకు, కంపెనీల కుట్ర

గోదావరి జిల్లాల్లో ఎవరింట్లోనైనా క్యాన్సరు అన్న మాట వినబడితే చాలు, బయాప్సీ రిపోర్టు కంటే ముందు లక్ష్మణఫలం ఆకులు వచ్చి చేరతాయి. వాటి వెంట ఒక వాదమూ వస్తుంది: మందు మన పెరట్లోనే ఉంది, కీమో అమ్ముకునే కంపెనీలే దాన్ని తొక్కిపెట్టాయి. చదువుకున్నవాళ్లు మరీ ధీమాగా చెబుతారీ మాట. దీన్ని కూల్చడానికి కోనసీమలో గుమ్మం ముందు పూసే బిళ్ళగన్నేరు చాలు.

1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ మొక్కను పట్టుకున్నది షుగరు వ్యాధి కోసం. జమైకాలో దాని ఆకు కషాయం షుగరుకు తాగుతారని విన్నారు. ఆకు సారాన్ని ఎలుకలకు తాగిస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే మాత్రం తెల్లకణాలు పడిపోయి, ఇన్ఫెక్షను సోకి ఎలుకలు చచ్చిపోయాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బే లుకేమియా కనుక వాళ్లు ఆ విషాన్ని వదల్లేదు. అలా విన్‌బ్లాస్టిన్ బయటపడింది. అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీ అదే మొక్కనుంచి విన్‌క్రిస్టిన్ తీసి, 1963లో అనుమతి తెచ్చుకుంది. మరి కుట్ర ఎక్కడ? ఆకులో సరుకుందని తేలగానే కంపెనీ ఎగబడి అమ్ముకుంది. దాచుకుంటే దానికేం లాభం? పేటెంటు గడువు తీరి దశాబ్దాలయ్యాక కూడా పిల్లల లుకేమియాకు ఆ మందే వాడుతున్నారు.

అయితే ఆకే నమిలితే సరిపోదా? సరిపోదు. గ్రాము మందు తీయాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి. అటు చూస్తే, విన్‌క్రిస్టిన్ ఒక్క విడతకు మామూలుగా రెండు మిల్లీగ్రాములు దాటనివ్వరు, నరాలు దెబ్బతింటాయని. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణమే పోతుంది. అలాంటి మందును గుప్పెడాకుతో, గ్లాసుడు నీళ్లతో కొలుస్తామంటే ఏమనాలి?

ఇక లక్ష్మణఫలం. కీమో కంటే పదివేల రెట్లు బలమైనదన్న ప్రచారానికి మూలం 1996 నాటి ఒక పరిశోధన. అందులో పరీక్షించింది గింజల్లోంచి వేరుచేసిన ఒక పదార్థాన్ని, అదీ ప్రయోగశాలలో పెంచిన పెద్దపేగు క్యాన్సరు కణాల మీద. పండూ కాదు, ఆకు కషాయమూ కాదు, మనిషి అసలే కాదు. గాజు పళ్లెంలో అయితే బ్లీచింగ్ పౌడరు కూడా క్యాన్సరు కణాన్ని చంపుతుంది. ఈ చెట్టులోని అన్నోనాసిన్ కణాలకు శక్తి అందకుండా చేస్తుంది, మెదడు కణాలనూ మినహాయించదు. కరీబియన్ దీవి గ్వాడలూప్‌లో పార్కిన్సన్‌ను పోలిన జబ్బుకూ ఈ పండు, ఆకుల వాడకానికీ సంబంధం ఉండొచ్చని 1999లోనే పరిశోధకులు హెచ్చరించారు. కడియం నుంచి మొక్క తెచ్చి నాటుకోండి, ఎప్పుడైనా ఓ పండు తినండి, కాదనను. కషాయం నమ్ముకుని ఆపరేషన్ వాయిదా వేయడమే నేరం. గడ్డ ఆగదు కదా.

నాటువైద్యం మీద చిన్నచూపంటారేమో, కాదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుకు స్ప్రూ వ్యాధి నయం చేసింది ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేదమే. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో సుబ్బారావు పాఠాలూ చెప్పాడు. ఆకుకూరల్లో దొరికే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసింది అమెరికాలో ఆయన నడిపిన లెడర్లీ కంపెనీ బృందం. ఫోలిక్ ఆమ్లం తరహా పదార్థాలిస్తే పిల్లల్లో లుకేమియా ఇంకా ఎగదన్నడం బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ చూశాడు. మంచి విటమినే, క్యాన్సరుకూ మేతే! అప్పుడు సుబ్బారావు బృందం ఆ ఆమ్లానికి విరుగుడు అమైనోప్టెరిన్ చేసిచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి, తాత్కాలికంగానైనా, జబ్బు తగ్గుముఖం పట్టింది. క్యాన్సరుకు ఇప్పుడిచ్చే మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే.

కషాయం మానలేమంటే కనీసం డాక్టరు దగ్గర దాచకండి. మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి పోయేది ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే. వాటిని దెబ్బతీసే ఆకు ఏదైనా తోడైతే, సరిగ్గా కొలిచి ఇచ్చిన మోతాదే ఒంట్లో పేరుకుని విషమవుతుంది.