పరిశోధనకు మట్టి ఉంది, దారి చెప్పేవారే కరువు

ఆదోని: పూత దశలో ఉన్న వేరుశనగ మొక్కను వేళ్లతో సహా పెకలిస్తే చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చినప్పుడు లోపల గులాబీ రంగు ఉంటే గాలిలోని నత్రజని మొక్కకు అందుతున్నట్లు లెక్క. తెల్లగానో, బూడిద రంగులోనో ఉంటే అందడం లేదన్నమాట. ఈ మేలు చేసేది రైజోబియం జాతి బాక్టీరియా. కంటికి కనిపించని ఇటువంటి జీవులు పిడికెడు మట్టిలో కోట్ల కొద్దీ ఉంటాయి. వీటన్నిటినీ ఒక సముదాయంగా అధ్యయనం చేసేదే మైక్రోబయోమ్ శాస్త్రం.

ఇది పట్నం చదువు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో నల్లరేగడిలో పత్తి, ఎర్రనేలల్లో వేరుశనగ పండుతున్నాయి. తుంగభద్ర దిగువ కాలువ నీరందే పొలాలు పోను తక్కినవి వానపైనే ఆధారం. వాన మొగం చాటేస్తే కుటుంబాలు గుంటూరు వైపు సుగ్గికి పోక తప్పదు. వరుస కరువుల్లో మట్టిలోని మేలుచేసే జీవులు ఎంతవరకు బతుకుతున్నాయి? ఎరువులు, పురుగుమందుల వల్ల వాటికేమవుతోంది? ఈ ప్రశ్నలకు జవాబు ఇక్కడి మట్టిలోనే వెతకాలి.

ఇటువంటి పని ఈ సీమకు కొత్త కాదు. పత్తి జిన్నింగ్ మిల్లుల వ్యర్థజలాలు చేరిన నేలలో సూక్ష్మజీవులు ఎలా మారతాయో అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో 1990లలోనే పరిశీలించారు. అప్పట్లో గాజు పళ్లేల్లో పెరిగే జీవులను లెక్కించేవారు. మట్టిలోని జీవుల్లో ఎక్కువ భాగం అలా పెరగవు. ఇప్పుడు మట్టి నుంచి నేరుగా డీఎన్ఏ తీసి, ఏ జాతులున్నాయో తేలుస్తున్నారు.

చదువుకయ్యే ఖర్చుకు జడిసి పేదింటి పిల్లలు డిగ్రీతోనే ఆగుతుంటారు. కాని పరిశోధనకు డబ్బు కట్టడం కాదు, జీతంలా అందుకోవచ్చు. మైక్రోబయాలజీ, వృక్షశాస్త్రం వంటి సబ్జెక్టుల్లో ఎమ్మెస్సీ చేసినవారు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్ సాధించి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 రూపాయలు లభిస్తాయి. 2023 జనవరి నుంచి అమలైన రేట్లివి. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారికీ ఇప్పుడు ఈ పరీక్షకు అర్హత ఉంది. వ్యవసాయ డిగ్రీ చదివినవారికి ఐసీఏఆర్ ప్రవేశ పరీక్షలు వేరుగా ఉన్నాయి. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్‌లో వేరుశనగ ప్రధాన పంట. విశ్వవిద్యాలయాల్లో చేరిన విద్యార్థులకు అక్కడ పరిశోధన చేసే వీలుంది.

అడ్డంకులు లేకపోలేదు. నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారు రెండేళ్లు ముందుగా తయారు కావాలి. 1906 నాటి నంద్యాల పరిశోధన స్థానం 2022లో జిల్లా విడిపోయాక పొరుగు జిల్లాకు చేరింది. పశ్చిమ ప్రాంతానికి దగ్గరలో ఉన్నది ఎమ్మిగనూరు సమీపంలోని బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం.

డిగ్రీ కళాశాలలు మొదటి ఏడాదిలోనే ఈ పరీక్షల వివరాలు నోటీసు బోర్డుపై ఉంచాలి. విద్యార్థులను బనవాసికి తీసుకువెళ్లి, తమ చేల మట్టిని తామే పరీక్షించే అవకాశం కల్పించాలి. కరువు సంగతి ఎరిగిన ఇంటి బిడ్డకు ఆ మట్టిని ఏమడగాలో పరాయివారికన్నా బాగా తెలుసు.