సముద్రపు కరెంటు: తీర గ్రామములు అడుగవలసిన మూడు ప్రశ్నలు



కెరటములు రాత్రింబగళ్లు లేచి పడుచుండుట మీరు నిత్యము చూచుచునే యున్నారు. “ఇంత బలము వృథాగా పోవుచున్నదే, దీనితో కరెంటు తీయరాదా?” అని మీలో పలువురు అనుకొని యుందురు. తీయవచ్చును. అయితే ఎట్లు తీయుట, ఎంత ఖర్చుకు తీయుట అన్నవే ప్రశ్నలు.

కెరటమునకు బిగిసి నిలిచినది విరుగును, వంగినది నిలుచును. మన తీరమున పూర్వము మేకులు కొట్టక, కొబ్బరితాళ్లతో పలకలు కుట్టి మసూలా పడవలు చేసెడివారు. కెరటము తగిలినప్పుడు ఆ పడవ కొంత సాగి దెబ్బను ఓర్చుకొనెడిది. స్కాట్లండు ఇంజనీర్లు ఇట్టి నీతితోనే ఒక తేలెడి యంత్రమును చేసి, ఒక జాతి సముద్రపు పాము పేరున దానిని “పెలామిస్” అనిరి. ఉక్కు గొట్టములను కీళ్లతో కలిపి చేసిన ఆ యంత్రము పొడవు 120 మీటర్లు, శక్తి 750 కిలోవాట్లు. కెరటము క్రిందుగా పోవునప్పుడు కీళ్లు వంగి, లోపలి నూనెను ఒత్తిడితో నెట్టును. ఆ నూనె మోటారును, మోటారు జనరేటరును త్రిప్పును. 2004లో ఆర్క్నీ దీవుల వద్ద దాని కరెంటు ఊరి లైనులకు చేరినది.

2008లో పోర్చుగల్ తీరమున ఇట్టివి మూడు నిలిపిరి. కొన్ని నెలలకే బేరింగులు చెడగా వాటిని రేవునకు లాగుకొని వచ్చిరి. పెట్టుబడిదారు సంస్థయు దెబ్బతినుటచే అవి తిరిగి పనిలోనికి రాలేదు. తయారుచేసిన కంపెనీయే 2014లో మూతపడినది. శాస్త్రము తప్పు కాదు. ఉప్పునీటిలో మరమ్మతు, దానికగు ఖర్చు ఎంత కష్టమో దీనివలన తెలియుచున్నది.

కెరటము ఎత్తు సగమైనచో దాని శక్తి నాలుగవ వంతే యగును. బంగాళాఖాతపు కెరటములు ఏడాదిలో పెక్కు దినములు స్కాట్లండు కెరటములకంటె చిన్నవి. కాని తుపాను నాడు భయంకరములు. 1977 దివిసీమ ఉప్పెనను, 2014 హుద్‌హుద్‌ను ఎవరు మరువగలరు? కావున మన యంత్రము కొద్ది కరెంటు నిచ్చుచునే పెద్ద దెబ్బలకు ఓర్వవలెను. 2022లో మద్రాసు ఐ.ఐ.టి. వారు తూత్తుకుడి తీరమునకు 6 కిలోమీటర్ల దూరమున “సింధుజ-1” అను తేలెడి యంత్రముతో 100 వాట్లు తీసిరి. అది ఒకటి రెండు ఫ్యానులకు సరిపడును. అయినను చిన్నది చేసి, పరీక్షించి, పెంచుటయే సరియైన మార్గము.

సముద్రపు కరెంటు వచ్చునని బోరు పంపు పని ఆపుకొనవద్దు. అట్లని త్రోసివేయవద్దు. సాగుభూమిని అంతగా అడుగని కరెంటు మనకు మేలే. మొదట రేవు దీపములకు, ఉప్పునీటిని మంచినీరుగా మార్చుటకు దీనిని వాడి చూడవలెను.

మీ గ్రామమునకు ఇట్టి ప్రతిపాదన వచ్చినచో గ్రామసభలో మూడు ప్రశ్నలు అడుగుడు. తుపానునకు ముందు యంత్రమును రేవునకు చేర్చువారెవరు? చెడినచో ఎవరి ఖర్చుతో, ఎన్ని దినములలో బాగుచేయుదురు? వలలు వేయు చోటును, పడవల దారిని విడిచిపెట్టుదురా? మత్స్యకారులను ముందు వరుసలో కూర్చుండబెట్టి, జవాబులు వ్రాతపూర్వకముగా తీసికొని, ఆ పిమ్మటనే తీర్మానము చేయుడు.