బేవకూఫ్ ఎవరు, బేషరమ్ ఎవరు?

మొన్న తాడేపల్లిగూడెంలో మావాళ్ల వలీమా దావత్. దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నామో లేదో, పర్దా అవతల ఆడవాళ్ల వైపు నుంచి ఒక మాట వినిపించింది. "ఫోన్లో నాలుగున్నర లక్షలు పోగొట్టుకుంది ఈ ఖాలాయే." వెంటనే నవ్వులు. "అంత బేవకూఫ్‌లా ఎలా ఇచ్చేసిందమ్మా!" అని ఇంకొకావిడ.

పావుగంట తర్వాత మా మగవాళ్ల వైపు ఇంకో కబురు. డిగ్రీ సగంలో వదిలేసిన ఫలానా వాళ్లబ్బాయి ఇంట్లో కూర్చునే ఫోన్ మీద నెలకి ఇరవై వేలు కమాయిస్తున్నాడట. "మాషా అల్లా" అన్నారు నలుగురు పెద్దలు.

నాకు ముద్ద దిగలేదు. ఆ ఖాలా మా అమ్మీ సొంత చెల్లెలు. ఆ అబ్బాయి కమాయీ ఏమిటో వాడే నాకు చెప్పాడు.

ముందు ఖాలా సంగతి. తణుకులో ఒక్కతే ఉంటుంది. ఖాలూ ఇంతెఖాల్ అయి ఆరేళ్లు, కొడుకు కువైట్లో డ్రైవరు. ఒకరోజు జొహర్ చదివి లేచేసరికి వీడియో కాల్ వచ్చింది. ఖాకీ యూనిఫాం, వెనక గోడ మీద మూడు సింహాల బొమ్మ. "అస్సలాము అలైకుమ్ ఆపా" అనే మొదలుపెట్టాడు. "మీ ఆధార్ మీద తీసిన సిమ్ దహషత్‌గర్దీ కేసులో దొరికింది. మీ బేటా పంపే పైసా ఎవరికి పోతోంది?"

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇలాంటి కాల్ పక్కింటి అత్తయ్యగారికీ వస్తుంది. హిందీ వినగానే ఆవిడ "నాకు హిందీ రాదు బాబూ" అని పెట్టేస్తుంది. మన ఆడవాళ్లు పెట్టెయ్యరు. తణుకులో, నరసాపురంలో, రాజమండ్రిలో బజారంతా తెలుగే. ఉర్దూ మన గడప లోపలి జబాన్. ఆ జబాన్‌లో అవతలివాడు అదబ్‌గా మాట్లాడితే సొంతవాడిలా అనిపిస్తుంది. "జీ సాబ్" అని జవాబిస్తారు. అక్కడే దొరికిపోతారు.

ఇంకొకటి ఖౌఫ్. "టెర్రర్ కేసు" అన్న మాట మన ఇంట్లో పడ్డట్టు ఇంకో ఇంట్లో పడదు. పేరు చూసి అద్దెకు ఇల్లివ్వని రోజుల్లో బతుకుతున్నాం. కొడుకు పేరు కేసులోకొస్తే బేకసూర్ అని తేలేలోపు వాడి ఉద్యోగం, చెల్లి నిఖా, సంసారం అన్నీ పోతాయని ఏ తల్లికైనా తెలుసు. ఫోన్ చేసినవాడికీ తెలుసు. మన మీద జరిగే జుల్మ్‌ని వాడు తన దుకాణానికి పెట్టుబడి చేసుకున్నాడు.

రెండు రోజులు ఆ కెమెరా ముందే కూర్చుంది మా ఖాలా. నమాజ్‌కి లేవాలన్నా వాణ్ణి ఇజాజత్ అడిగింది. ఎఫ్డీ తీసేసింది, గాజులు తాకట్టు పెట్టింది. "వెరిఫికేషన్ అయ్యాక మీ అమానత్ మీకే వస్తుంది" అన్నాడట వాడు. అమానత్! ఆ మాట కూడా మన దగ్గర్నుంచే దొంగిలించాడు.

డిజిటల్ అరెస్ట్ అనేది మన ఖానూన్‌లో లేనే లేదు. ప్రధానమంత్రే 2024 అక్టోబర్ 27న రేడియోలో ఆ మాట చెప్పారు. 2025లో సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయం చేపట్టింది. పొద్దుగూకాక ఆడమనిషిని అరెస్టు చెయ్యాలంటే, అదీ అరుదైన పరిస్థితుల్లోనే, మహిళా పోలీసు అధికారి ఉండాలి, మెజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలి. వాట్సాప్‌లో అరెస్టు చేసే పోలీసు ఈ ముల్కులో ఎక్కడా లేడు.

ఇవన్నీ తెలియకపోవడమే బేవకూఫీ అంటారా? లూధియానాలో వర్ధమాన్ బట్టల మిల్లుల అధిపతి ఎస్.పి. ఓస్వాల్, పద్మభూషణ్ పొందిన పెద్దమనిషి. 2024లో ఆయనకి వీడియోలో నకిలీ సుప్రీంకోర్టు విచారణే నడిపించి 7 కోట్లు గుంజారు. ఆయన ఫిర్యాదు చేశాడు, అందులో 5 కోట్లకు పైగా పోలీసులు పట్టుకోగలిగారు. మా ఖాలా తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆ దావత్‌లో నవ్వినవాళ్లని అడగాలి. "మీరందరూ ఇలా అంటారనే, బేటా" అంది నాతో.

ఆ తొమ్మిది రోజులే దొంగకి కావలసింది. డబ్బు ఒక ఖాతాలో పడగానే నిమిషాల్లో ముక్కలై పదీ ఇరవై ఖాతాల్లోకి పోతుంది, అక్కణ్ణుంచి నగదై మాయమవుతుంది. అది పోకముందే 1930కి ఫోన్ చేస్తే ఏ ఖాతాలో ఉంటే అక్కడ ఆపించే ఏర్పాటుంది. గంటల లెక్క అది. మనం ఇజ్జత్ అంటూ రోజులు దాటిస్తాం.

ఇక మాషా అల్లా అబ్బాయి. వాడి పని ఏమిటంటే, దోస్త్‌కి దోస్త్ ఎవడికో తన బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ అప్పగించడం. ఖాతాలోకి ఏదో పైసా వస్తుంది, పోతుంది. వీడికి కమీషన్. ఇప్పుడు ఆ ఖాతా ఫ్రీజ్ అయింది, నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. "నేనెవరినీ ధోకా చెయ్యలేదు చిచ్చా, అకౌంట్ కిరాయికిచ్చా అంతే" అన్నాడు. వాళ్లమ్మీదీ అదే మాట.

మా ఖాలా డబ్బు వీడి ఖాతాలోకే వచ్చిందనడం లేదు. కానీ ఎవరో ఒక ఖాలా డబ్బు వచ్చింది. ఇలాంటి కిరాయి ఖాతాలు లేకపోతే ఆ ఖాకీ వేషగాడు చిల్లిగవ్వ తీసుకోలేడు. ఇల్లు కిరాయికిస్తే కిరాయిదారు ఎవడో అడుగుతాం. ఖాతా ఇచ్చేటప్పుడు ఎందుకు అడగలేదు? జవాబు ముందే తెలుసు కాబట్టి.

మన రసూల్ (స) బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టిన వాకియా ప్రతి మౌలానా బయాన్‌లో చెబుతాడు. పైన పొడి, లోపల తడి. వాన పడిందన్నాడు వ్యాపారి. మరి ఆ తడి జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని నిలదీశారు, మోసం చేసేవాడు మనవాడు కాడన్నారు. వడ్లలో తేమ శాతం కోసం రైతుని ఎండలో నిలబెట్టే గోదావరి జిల్లాల్లో ఈ వాకియా మళ్లీ విడమర్చి చెప్పాలా? మరి ఇరవై వేల రాశిలో చెయ్యి పెట్టి ఎందుకు చూడలేదు మనం? ఆ హరామ్ పైసాతో వచ్చిన సేమ్యా ఈద్ నాడు మనమూ తిన్నాం.

ఈ అబ్బాయిలకి ఇంకో గొయ్యి కూడా తవ్వి ఉంది. కంబోడియాలో డేటా ఎంట్రీ నౌకరీ అని ఏజెంట్లు తీసుకెళ్లి, పాస్‌పోర్టు లాక్కుని, మనవాళ్ల చేతే మనవాళ్లకి ఫోన్లు చేయించిన దందాని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. గల్ఫ్‌కి మనుషుల్ని పంపడం అలవాటైన మన ఊళ్లలో ఇలాంటి ఏజెంటుకి గడప దాటడం ఎంత పని?

మస్జిద్ కమిటీ సదర్ సాబ్‌లకి నాదో సవాల్. మేక తప్పిపోతే మైకులో చెబుతారు కదా. జుమ్మా రోజు ఖుత్బాకి ముందు రెండు నిమిషాలు 1930 గురించి చెప్పించండి. ఖాతా కిరాయి హరామ్ అని మింబర్ నుంచి తెలుగులోనే చెప్పించండి, కుర్రాళ్లకి అదే అర్థమవుతుంది. జకాత్ తీసుకునే ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో మునిగినవాళ్లూ ఉన్నారు. గాజులు తాకట్టులో ఉన్న ఖాలా గడప ఈ రంజాన్‌లో ఎవరూ తొక్కలేదు.

ఖాలాని నేనే స్టేషన్‌కి తీసుకెళ్లాను. ఒక ఖాతాలో ముప్పై ఎనిమిది వేలు ఆగాయట, కోర్టు ఆర్డరు వస్తే ఇస్తామన్నారు. ఆ అబ్బాయిని కూడా తనే వెళ్లి ఆ దోస్త్ ఎవరో పోలీసులకి చెప్పమన్నాను. వాళ్లమ్మీ నాకు సలాం చెప్పడం మానేసింది.

నిన్న నేను అక్కడుండగానే ఖాలాకి మళ్లీ ఏదో కాల్ వచ్చింది. అవతల గొంతు "ఆపా" అంది. ఖాలా నావైపు చూసి, "నాకు హిందీ రాదు బాబూ" అని పెట్టేసింది.